ఇంటి ముచ్చట్లు: బూడిద రంగు గోడ

కిందటి నెల నీళ్ళ తొట్టి పాచి సంగతి రాశాను గదా. అది చదివి శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఒక సోదరి కబురు పంపారు. "మా పిల్లలు హాలుకు గ్రే రంగు వేయించాలంటున్నారు. మా అత్తగారు ససేమిరా వద్దంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?" అని వారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే యోగ్యత నాకు ఉన్నంతగా ఈ జిల్లాలో ఇంకొకరికి ఉంటుందనుకోను. ఏమంటే మా ఇంటి హాలుకు ఆ రంగు పడి ఈ తై నెలకు ఏడాది దాటింది. ఆ రంగు వల్ల మా ఇంట్లో జరిగినదంతా రాయవచ్చునా అని మా అమ్మను అడిగాను. "రాసుకో. నేను పడ్డది కూడా రాయి. నీ తప్పు దాచిపెట్టి నాది మాత్రం రాయబోకు" అన్నది. అంచేత దాచకుండా రాస్తున్నాను.

మా ఇల్లు మా నాయన కట్టించినది. పది అడుగుల ఎత్తు గోడలు, ఎర్ర సిమెంటు నేల, టేకు ద్వారబంధాలు. ఆయన ఉన్నన్నాళ్ళు ప్రతి మార్గళి నెలాఖరులో సున్నం వేయడమే గాని పెయింటు అనే మాట లేదు. గుల్ల సున్నం తెచ్చి తొట్టిలో నానబెట్టేవారు. అది కుతకుత ఉడికి చల్లారిన తరువాత గుడ్డలో వడగట్టి, గంజి కలిపి, తెలుపు ఎత్తి కనబడేందుకు కాస్త నీలిమందు వేసేవారు. తాటిమట్ట కొనను చితక్కొట్టి చేసిన కుంచెతో ఆ పూత వేసేది. గోడ అడుగున, మెట్ల అంచున కావి పట్టె తీయడం మాత్రం మా అమ్మ పని. దారం పట్టి గీసినట్టు తిన్నగా తీసేది. నలభై ఏళ్ళు ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు.

నాయన పోయిన తరువాత నాలుగేళ్ళు గోడల జోలికి ఎవరమూ పోలేదు. పెచ్చులు ఊడుతున్నవి. నిరుడు దీపావళికి మా అమ్మాయి కోయంబత్తూరు నుంచి వచ్చింది. అక్కడి కాలేజీలో బట్టలకు రంగులు అద్దే చదువు చదువుతున్నది. వచ్చీ రాగానే గోడకేసి చూసి, "నాయనా, ఈసారి సున్నం వద్దు. గ్రే వేయిద్దాం" అన్నది.

"గ్రే అంటే ఏం రంగే?" అని మా అమ్మ.

"సాంబల్ నిరం, అవ్వా. బూడిద రంగు."

అమ్మ కాసేపు ఊరుకొన్నది. తరువాత, "బూడిద నొసటికి పూసుకొంటారు గాని గోడకు పూసుకొనేది ఎవరే? మీ తాత పోయిన ఇల్లని ఊరందరికీ చెప్పాలా?" అన్నది. ఆ మాటకు మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఉంటే ఆనాడే చెప్పవలసింది.

అమ్మ మాటలో సగం పేరుతో వచ్చిన చిక్కు. తెలుగులో ఈ రంగుకు మనం వాడుకొనే పేరు బూడిదే. అరవంలోనూ బూడిదే. పుస్తకాలలో ధూసరం అంటారు, అది ఇంట్లో పలికే మాట కాదు. చీరల కొట్టులో పావురాయి రంగు, ఏనుగు రంగు, మబ్బు రంగు అంటారు. అంగడివాళ్ళకు మనకంటె తెలివి ఎక్కువ. బూడిద రంగు చీర అని చెబితే ఏ ఇల్లాలు కొంటుంది?

మిగతా సగం మా ఊరికే చెల్లిన చిక్కు. రాజపాళయంలో బూడిద రంగంటే సిమెంటు. 1936లో రాజపాళయం మిల్లు స్థాపించిన పి.ఏ.సి. రామసామి రాజాగారే 1957లో మెడ్రాస్ సిమెంట్స్ కంపెనీ పెట్టారు. 2013లో దాని పేరు రామ్కో సిమెంట్స్ అయింది. ఆ కంపెనీలోనో, దాని చుట్టూ అల్లుకొన్న వ్యాపారంలోనో ఒక మనిషైనా పని చేయని తెలుగు కుటుంబం మా ఊళ్ళో అరుదు. సిమెంటుకు ఆ రంగు ఇనుము వల్ల వస్తుంది. సున్నపురాతితో కలిపే మట్టిలో ఇనుము ఉంటుంది, కొలిమిలో కాలినప్పుడు అదే ఆ నలుపు ఇస్తుంది. ఇనుము రాకుండా ఏరి చేసినది తెల్ల సిమెంటు. ఈ శాస్త్రం ఎలా ఉన్నా, మా వీధిలో సిమెంటు రంగు గోడ అంటే డబ్బు చాలక పూత ఆగిపోయిన గోడ అని అర్థం. మా హాలుకు రంగు వేసిన మర్నాడు పొరుగాయన వాకిట్లో నుంచి తొంగి చూసి, "ఏమన్నా, చేబదులు కావాలా? మొహమాటపడకుండా అడుగు" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు పాపం.

అయినా నేను అమ్మాయి పక్షమే వహించాను. అమ్మ పట్టు పట్టలేదు. "మీ ఇల్లు, మీ ఇష్టం" అన్నది. ఆ ఇంటిని ఆమె "మీ ఇల్లు" అనడం అదే మొదటిసారి. నేను గుమాస్తాను. కాగితం మీద లేని మాటను లెక్కలోకి తీసుకొనే అలవాటు లేదు. ఆ మాటనూ తీసుకోలేదు.

ఇక రంగు సంగతి. బూడిద రంగు ఏ పక్షమూ లేని రంగు, దేనితోనైనా కలుస్తుంది అని అంగడిలో చెబుతారు. నమ్మవద్దు. ఇంత పక్షపాతం గల రంగును నేను చూడలేదు. ఉత్త తెలుపులో ఉత్త నలుపు కలిపితే నీలపు ఛాయ కొడుతుంది. వెనుకటి మేస్త్రీలు సున్నంలో దీపపు మసి కలిపినా అంతే, నీలంగా తిరిగేది. దానిని సరిచేయడానికి చిటికెడు పసుపు మట్టి గాని కావి గాని వేయాలి. ఇప్పుడు అంగళ్ళలో యంత్రమే కలిపి ఇస్తుంది. చీటీలో వేలెడంత ముక్క చూసి మేము ఒకటి ఎంచాము. అది గోడ మీద పొద్దున ముత్యంలా ఉన్నది, సాయంత్రం ట్యూబులైటు వేసేసరికి ఇనుప బీరువాలా అయింది.

మా అమ్మాయి దీనికి కారణం చెప్పింది. ఫ్రాన్సు దేశంలో గోబెలిన్స్ అనే పేరుమోసిన నేతశాల ఉన్నది. అక్కడ అద్దకం పనికి షెవ్రోల్ అనే రసాయన పండితుడు పెద్దగా ఉండేవాడు. నల్ల నూలు సరిగా నల్లబడడం లేదని ఆయన దగ్గరకు ఫిర్యాదు వచ్చింది. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా నూళ్ళ వల్ల కంటికి నలుపు వెలిసినట్టు కనబడుతున్నది. ఒక రంగు పక్కనున్న రంగును మార్చి చూపుతుందని ఆయన 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. ఆ మహానుభావుడు నూట రెండేళ్ళు బతికాడట. రంగుల మధ్య పని చేసిన వాళ్ళకు ఆయుస్సు ఎక్కువ కాబోలు అంటే, "లేదు నాయనా, ఆఫీసుకు వెళ్ళని వాళ్ళకు ఎక్కువ" అన్నది మా అమ్మాయి.

మా హాలులో జరిగినదీ ఆ తంతే. నేల ఎర్రన. ఎండ పడినప్పుడు ఆ ఎరుపు గోడ అడుగుకు ఎగబాకి కింద మూరెడు గోడ గులాబి ఛాయగా మారింది. దాని పక్కన పైగోడ కొంచెం ఆకుపచ్చగా తోచింది. పైగా మా హాలు కిటికీ పడమటి కొండలవైపు. మా ఊళ్ళో పొద్దు త్వరగా కొండ చాటుకు పోతుంది. ఇంకా చీకటి పడకముందే ఇంట్లో వెలుతురు తగ్గుతుంది. అటువంటి ఇంటికి ముదురు బూడిద రంగు పనికిరాదు. తెల్ల సున్నం తనమీద పడిన వెలుతురులో నూటికి ఎనభై పాళ్ళ వరకు తిప్పి పంపుతుంది. మధ్యరకం బూడిద రంగు అందులో సగం కూడా పంపదు. అంచేత మొదటి ముక్కను వదిలి, దానికంటె బాగా లేత రంగు, పసుపు మట్టి ఛాయ ఒక పిసరు ఉన్నది తీసుకొన్నాము. ట్యూబులైటు కూడా మార్చాము. బల్బు డబ్బా మీద 6500 అని ఉంటే తెల్లని చల్లని వెలుతురు. 2700 గాని 3000 గాని ఉంటే నూనె దీపానికి దగ్గర. బూడిద రంగు గోడకు రెండోదే మేలు.

శ్రీవిల్లిపుత్తూరు సోదరి పనికి వచ్చే మాటలు ఇక్కడే చెప్పేస్తాను. చిన్న డబ్బా కొని, రెండడుగుల చదరం చొప్పున రెండు ఎదురుగోడల మీద పూసి, ఆరిన తరువాత పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక మూడు సార్లు చూడండి. తడి రంగును చూసి తీర్పు చెప్పవద్దు. పాత సున్నం మీద కొత్త పెయింటు నిలవదు, పొరలు పొరలుగా లేస్తుంది. సున్నం గీకి, ఇసుక కాగితంతో రుద్ది, ప్రైమరు వేసిన తరువాతనే పూత. కొత్త పూతగోడ అయితే కనీసం నాలుగు వారాలు ఆరనివ్వండి. మా హాలు 14 అడుగులకు 12 అడుగులు, గోడలన్నీ కలిపి 520 చదరపు అడుగులు, తలుపులూ కిటికీలూ తీసివేయగా 440. రెండు పూతలకు లీటరుకు నూరు చదరపు అడుగులని మా పెయింటరు లెక్క వేశాడు. అయిదు లీటర్లు చాలునన్నాడు. నేను జాగ్రత్తకు ఆరు తెచ్చాను. డబ్బాకు డబ్బాకు రంగు వెంట్రుకవాసి తేడా ఉంటుంది గనుక అన్నీ ఒక పెద్ద బకెట్టులో కలిపి పెట్టుకొని వేయించండి.

ఆ ఆరో లీటరే మా కొంప ముంచింది.

హాలు అయిపోయింది. బకెట్టులో రంగు ఇంకా మిగిలింది. డబ్బు పోసి కొన్నది పారేయడానికి నాకు మనసు ఒప్పలేదు. హాలు నుంచి వంటింటి వైపుకు దిగే మెట్టు ఒకటి ఉన్నది, ముప్పావు అడుగు లోతు. అది సిమెంటు మెట్టు, అంచున అమ్మ తీసిన కావి పట్టె. నాయన పోయిన ఏడాది తీసినది, వెలిసిపోయింది. "ఆ మెట్టుకూ, ఆ పక్క స్తంభానికీ పూసేయవయ్యా" అన్నాను. పెయింటరు, "సార్, అది గోడ పెయింటు. కాళ్ళ కింద నిలవదు. మూడు నెలల్లో పోతుంది" అన్నాడు. "మూడు నెలలు ఉంటే చాలు, పొంగలి వెళ్ళిపోతుంది" అన్నాను. అతను పూసేశాడు. గోడ, స్తంభం, మెట్టు, అన్నీ ఒక్క రంగు. చూడడానికి ఏకాండిగా బాగున్నదనే అనుకొన్నాము. మా అమ్మాయి ఫోటో కూడా తీసింది.

భోగి ముందునాటి సాయంత్రం పొద్దు కొండ వెనక్కు పోయింది, దీపం ఇంకా వేయలేదు. అమ్మ పాలగిన్నె పట్టుకొని హాలు నుంచి వంటింటికి పోతూ ఆ మెట్టు దగ్గర అడుగు తప్పింది. నేల ఇంకా అదే ఎత్తున ఉన్నదనుకొని కాలు వేసింది. కుడిచేతి మణికట్టు విరిగింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పాలన్నీ ఆ రంగు మీద పారి ఉన్నవి. అమ్మ స్తంభానికి ఆనుకొని కూర్చొని ఉన్నది. "మెట్టు ఎక్కడ పెట్టావురా?" అన్నది. అంతే, ఇంకొక మాట అనలేదు. తిట్టి ఉంటే నయం.

ఆ ఏడు మా ఇంట పొంగలి మా వదిన వచ్చి పెట్టింది. ఆరు వారాలు అమ్మ చేతికి కట్టు. నలభై ఏళ్ళు కావి పట్టె తీసిన చెయ్యి.

కట్టు వేసిన డాక్టరే కళ్ళు కూడా చూపించమన్నారు. మదురైకి తీసుకొని వెళ్ళాము. అక్కడి అరవింద్ కంటి ఆసుపత్రిని గూర్చి మన వాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1976లో డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 11 పడకలతో మొదలుపెట్టినది. అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి ఉన్నవి. ఎన్నాళ్ళ నుంచి ఉన్నవో. కూరలో రాయి చూడలేదని, తెలిసినవాళ్ళు ఎదురైతే పలకరించలేదని మేము విసుక్కొన్న రోజులన్నీ వరుసగా గుర్తుకు వచ్చినవి.

తరువాత నేను విచారించి తెలుసుకొన్నది ఒకటి చెబుతాను, పెద్దవాళ్ళున్న ఇళ్ళకు పనికి వస్తుంది. వయసు మీరిన కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ళ కంటి లోపలికి పోయే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటికి అందే దానిలో మూడో వంతేనని లెక్క కట్టారు. అటువంటి కంటికి రంగు కంటె ముఖ్యం, ఒకదాని అంచు ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో తెలియడం. లేత బూడిద రంగు గోడ పక్కన అదే రంగు మెట్టు పెడితే ఆ కంటికి మెట్టు లేనట్టే. మా అమ్మ అందం కోసమే కావి పట్టె తీసేదనుకొన్నాను నేను. ఆమె చూపు తగ్గుతున్న రోజుల్లో ఆ పట్టే ఆమెకు దారి చూపుతూ వచ్చింది. వెలిసిపోయినా చూపింది. దానిమీద మిగిలిన పెయింటు పూయించినవాణ్ణి నేను.

మాసి నెలలో కుడికంటికి ఆపరేషను అయింది. కట్టు విప్పిన తరువాత ఇంటికి తీసుకొని వచ్చాము. హాలులో నిలబడి గోడలన్నీ ఒక చుట్టు చూసింది. "నీలం ఎప్పుడు వేయించావురా?" అన్నది.

నాకు గుండె ఝల్లుమన్నది. కంటికి ఏమైనా తేడా చేసిందేమో అనుకొన్నాను. అంతకుముందు ఆమె అదే గోడను మట్టి రంగు, మురికి రంగు అంటూ ఉండేది. అమ్మాయికి ఫోను చేస్తే నవ్వింది. పసుపుబారిన కటకం తీసివేస్తే ఇన్నాళ్ళు అడ్డుపడిన నీలపు వెలుతురు ఒక్కసారిగా లోపలికి పోతుందట. క్లోద్ మోనే అనే గొప్ప చిత్రకారునికి 1923లో కుడికంటికి ఇదే ఆపరేషను అయితే, అంతా నీలంగా కనబడుతున్నదని గోల పెట్టాడట, రంగు అద్దాలు పెట్టుకోవలసి వచ్చిందట. అమ్మకు ఇది చెబితే, "ఆయన గోల పెట్టాడేమో, నాకు బాగానే ఉంది" అన్నది. ఒక కన్ను మూసి, ఇంకొకటి మూసి, మళ్ళీ మళ్ళీ చూసుకొన్నది. ఎడమ కంటికి మట్టి, కుడి కంటికి మబ్బు. "మబ్బు రంగని మొదటే చెప్పరాదా? కొండమీద వానమబ్బు పట్టినట్టుంది. బూడిద అని భయపెట్టిరి" అన్నది. ఎడమకంటికి చిత్తిరై నెలలో చేయించాము. అప్పటి నుంచి గోడ రంగు గూర్చి మా ఇంట్లో రెండు అభిప్రాయాలు లేవు.

రంగు నాకూ నచ్చిందని ఒప్పుకోవాలి. తెల్ల సున్నం మీద కంటె దీని మీద ఇత్తడి కుందులు మెరుస్తున్నవి. గడప పసుపు, కుంకుమ బొట్లు దూరం నుంచే కనబడుతున్నవి. టేకు తలుపు నిజంగా టేకులా ఉన్నది. దుమ్ము పడితే తెలియదని కొందరు ఈ రంగు వేస్తారు. అది కారణం కాదు, బద్ధకం. వీధివైపు గోడకు మాత్రం నేను వేయించను. మన ఎండకు బయటి గోడ ఎంత తెల్లగా ఉంటే ఇల్లు అంత చల్లగా ఉంటుంది.

అత్తగారి సంగతి మాత్రం, సోదరీ, ఒక్క మాట. ఆమె వద్దనడానికి కారణం రంగా, పేరా, చూపా అన్నది ముందు కనుక్కోండి. మదురై వెళ్ళి రావడానికి ఒక రోజు పడుతుంది.

మెట్టు మీది పెయింటు పెయింటరు చెప్పినట్టే మూడు నెలలకు లేచిపోయింది. మిగిలింది నేనే కూర్చొని గీకాను. ఈ మార్గళి నెలాఖరున అమ్మ కావి కలిపింది. మణికట్టు పూర్తిగా తిరగదు, గీత కొంచెం వంకర పోయింది. హాలు నాలుగు గోడల అడుగున పట్టె తీసింది, మెట్టు అంచుకు రెండు పూతలు వేసింది. స్తంభం మిగిలిపోతే అమ్మాయి కుంచె పట్టింది. "దారం కట్టుకో, నీకు అంత చెయ్యి రాదు" అని అవ్వ పక్కనే నిలబడి చెబుతున్నది. పెరటి గదికి ఏ రంగు వేద్దామని నేను అడిగితే ఇద్దరూ తల తిప్పకుండానే, "మీరు ఆఫీసుకు పొండి" అన్నారు.